వంట ఒకటే, పొయ్యిలు వేరు



హైదరాబాద్ అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే హైటెక్ సిటీ ఎనిమిదో స్టేషను. మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, చెక్‌పోస్ట్, పెద్దమ్మగుడి, మాదాపూర్, దుర్గంచెరువు. ఆ తర్వాత హైటెక్ సిటీ. 2019 మార్చిలో ఈ దారిలో రైళ్లు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరు చివర్లో రాయదుర్గం దాకా పొడిగించారు. ఈ దారికి ఒక కొసన కోచింగ్ సెంటర్లు, రెండో కొసన కొలువులు.

ఒక కొసన నేర్చుకున్నది రెండో కొసకు వచ్చేసరికి ఒక్కోసారి మొరాయిస్తుంది. ఒకమ్మాయి అమీర్‌పేటలో ప్రోగ్రాం రాసిందనుకోండి. అక్కడ చక్కగా నడిచింది. సార్ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. అలాంటి ప్రోగ్రామే రాసి, తన లాప్‌టాప్‌లో నడిపి చూసి, కంపెనీ సర్వర్ మీద పెట్టింది. నడవలేదు. ఒక్క అక్షరం మార్చలేదు, అయినా నడవలేదు. అప్పుడు ఆ అమ్మాయి నోట ఒక మాట వస్తుంది. మాదాపూర్‌లో ఏ అంతస్తుకు వెళ్లినా వినిపించే మాటే అది. "నా లాప్‌టాప్‌లో నడుస్తోందండీ!"

నిజమే, అక్కడ నడుస్తోంది. ఆ పిల్ల అబద్ధం చెప్పట్లేదు. మరి ఇక్కడెందుకు నడవదు? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ఈ రంగంతో పరిచయం లేనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. హైదరాబాద్ మెట్రో టికెట్ వాట్సాప్‌లోనే కొనుక్కునే వీలు 2022 అక్టోబరులో వచ్చింది. మీరు ఎక్కడినుంచి ఎక్కడికో చెబుతారు. డబ్బు కడతారు. ఫోన్‌లోకి టికెట్ వస్తుంది. మనకు కనిపించేది అంతే. తెర వెనక మాత్రం ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను అడుగుతుంది. "ఈ ప్రయాణానికి ఛార్జీ ఎంత?" రెండోది జవాబిస్తుంది. ఇంకోటి అడుగుతుంది. "డబ్బు జమ అయిందా?" దానికీ జవాబు వస్తుంది. ఇలా ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి అడగడానికి, జవాబు చెప్పడానికి ముందే ఒప్పుకున్న పద్ధతి ఒకటి ఉంటుంది. దాన్నే ఏపీఐ అంటారు. వెబ్ మీద నడిస్తే వెబ్ ఏపీఐ. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఆఫీసులో చూసినా ఎవరో ఒకరు ఏపీఐ రాస్తూనో, చెడిపోయినదాన్ని బాగుచేస్తూనో ఉంటారు. మీ అబ్బాయో అమ్మాయో పొద్దస్తమానం అక్కడ ఏం చేస్తుంటారో అర్థంకాని తల్లిదండ్రులకు, చాలామట్టుకు ఇదేనండీ.

ఈ పనికి తయారుగా దొరికే లైబ్రరీలు చాలా ఉన్నాయి. జావా వాళ్లకు స్ప్రింగ్ బూట్ ఉంది. జావాస్క్రిప్ట్ వాళ్లకు ఎక్స్‌ప్రెస్ ఉంది. నేను పైథాన్‌లో దొరికే ఫాస్ట్ఏపీఐని ఉదాహరణగా తీసుకుంటాను. సెబాస్టియన్ రమీరెజ్ అనే కొలంబియా దేశస్థుడు దాన్ని తయారుచేశారు. 2018 అక్టోబరులో దేశంలోని పైథాన్ మనుషులందరూ మన హైదరాబాద్ హెచ్ఐసీసీలో పైకాన్ ఇండియా సభలు జరుపుకున్నారు. అప్పటికి ఈ లైబ్రరీ ఇంకా విడుదల కాలేదు. ఆ డిసెంబరులో వచ్చింది. ఇప్పుడు కొత్తగా ఏపీఐలు రాసే పైథాన్ జట్లలో చాలామంది దీన్నే ఎంచుకుంటున్నారు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. నేను చెప్పబోయే మాట ఏ లైబ్రరీకైనా చెల్లుతుంది. పేర్లు మారతాయంతే.

ఇక పనిలోకి వద్దాం. ఒక చిన్న సర్వీసు కడదాం. స్టేషన్ పేరు చెబితే తర్వాతి స్టేషన్ పేరు చెప్పాలి. దుర్గంచెరువు అంటే హైటెక్ సిటీ అనాలి. హైటెక్ సిటీ అంటే రాయదుర్గం అనాలి. అంతకుమించి ఏమీ వద్దు.

దీన్ని నెలకొల్పడం తేలికే. మీ కంప్యూటర్‌లో పైథాన్ ఉండాలి. ఈ సర్వీసు కోసం ఒక ఫోల్డర్ పెట్టుకోండి. అందులో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి తెరవండి. అంటే ఈ సర్వీసు కోసం దించుకున్న లైబ్రరీలు ఈ ఫోల్డర్‌లోనే ఉంటాయి. మీ మిగతా ప్రాజెక్టుల జోలికి పోవు. తర్వాత లైబ్రరీలు దించిపెట్టే పిప్‌తో ఫాస్ట్ఏపీఐని ఇన్‌స్టాల్ చేయండి. "స్టాండర్డ్" అనే మాట జతచేసి అడిగితే సర్వర్‌తో సహా కావలసినవి వెంట వస్తాయి. పది పన్నెండు వరుసల్లో ప్రోగ్రాం రాయొచ్చు. "ఫాస్ట్ఏపీఐ డెవ్" అని ఆజ్ఞ ఇవ్వండి. నడుస్తుంది. బ్రౌజర్‌లో ఆ చిరునామా చివర స్లాష్ పెట్టి డాక్స్ అని కొట్టండి. మీ సర్వీసును ఏమేం అడగొచ్చో చూపించే పేజీ దానంతటదే కనిపిస్తుంది. మీరు రాయక్కర్లేదు. ఇది చూసి పిల్లలు ముచ్చటపడతారు. పడాల్సిందే.

చాలా పాఠాలు ఇక్కడే ఆగిపోతాయి. వీడియోలూ ఇక్కడే ఆగిపోతాయి. నేను కోచింగ్ సెంటర్లను తప్పుపట్టను. ఇచ్చిన గడువులో నడిచే ప్రోగ్రాం చూపించడమే వాళ్ల పని. అయితే అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

ఇప్పుడు మన పెళ్లిళ్లకు వండే వంటమేస్త్రిని తీసుకోండి. ఈ వారం కూకట్‌పల్లిలో ఫంక్షన్ హాలు. వచ్చే వారం నల్లగొండ. ఆ పైవారం వరంగల్. ఆయన వంట మారదు. గుత్తివంకాయ అదే, పప్పుచారు అదే, బగారా అన్నం అదే. కానీ హాలు మారుతుంది. ఒకచోట గ్యాస్ పొయ్యి, ఒకచోట కట్టెల పొయ్యి. ఒకచోట నీళ్లు కుళాయిలో, ఒకచోట ట్యాంకర్‌లో. కొట్టుగది తాళం ఒకచోట పెళ్లికూతురి మేనమామ దగ్గర ఉంటుంది. ఒకచోట హాలు మేనేజర్ దగ్గర ఉంటుంది. విస్తళ్లు మూడొందలో, మూడువేలో ప్రతిసారీ వేరే లెక్క. మంచి మేస్త్రి ఏం చేస్తాడు? వంట తన చేతిలో ఉంచుకుంటాడు. హాలుకు సంబంధించినవన్నీ హాలు గుమ్మం దగ్గరే అడిగి తెలుసుకుంటాడు. కూకట్‌పల్లి హాలులో కుళాయి ఎడమపక్కన ఉందని, అదే వంటలో భాగమనుకుని నల్లగొండలో కూడా ఎడమపక్కకు బిందె పట్టుకెళ్లడు కదా!

మన ప్రోగ్రాంలు అలాగే వెళ్తాయండీ, బిందె పట్టుకుని.

కాబట్టి ఈ పూట చెప్పదలచుకున్న మాట ఒక్కటే. చోటు మారితే మారేది కోడ్‌లో ఉండకూడదు. మళ్లీ చెబుతున్నాను. చోటు మారితే మారేది ఏదైనా సరే, కోడ్‌లో ఉండకూడదు. బయట ఉండాలి. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు అడిగి తెలుసుకోవాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. హెరోకు అనే కంపెనీలో పనిచేసిన ఆడమ్ విగిన్స్, ఆయన సహచరులు 2011 ప్రాంతంలో ఇలాంటి నియమాలు పన్నెండు రాసి పెట్టారు. వాటిలో మూడోది ఇదే. దానికి ఆయన ఒక పరీక్ష కూడా చెప్పారు. ఈ క్షణంలో మీ కోడ్ మొత్తం ప్రపంచానికి బహిరంగంగా ఇచ్చేయమంటే ఇవ్వగలరా? గుండె దడ లేకుండా ఇవ్వగలిగితే మీ సెట్టింగులు సరైన చోట ఉన్నట్టు. "ఆగండాగండి, ఒక్క పాస్‌వర్డ్ తీసేసి ఇస్తాను" అన్నారో, లేనట్టే.

మరి మన బుల్లి మెట్రో సర్వీసు రేపు కాస్త పెద్దదైతే, అందులో చోటు మారితే మారేవి ఏముంటాయి? ఒక్కోటి చూద్దాం.

మొదటిది చిరునామా. ఇందాక "ఫాస్ట్ఏపీఐ డెవ్" అన్నాం. అప్పుడు సర్వీసు 127.0.0.1 అనే చిరునామాలో, 8000 నంబరు పోర్టులో, అంటే ఆ నంబరు గుమ్మంలో, వింటుంది. ఆ చిరునామాకు అర్థం, ఈ యంత్రం ఒక్కటే. మీ లాప్‌టాప్‌లో మీరు పిలిస్తే పలుకుతుంది. పక్క సీటులోని స్నేహితుడు పిలిస్తే వినిపించదు. సర్వర్ మీద అలా పెడితే లోకమంతా పిలిచినా పలకదు. అక్కడ 0.0.0.0 అని చెప్పాలి. అంటే ఈ యంత్రానికి ఏ దారిన పిలుపు వచ్చినా వినమని. సర్వర్ మీద "డెవ్" బదులు "రన్" అని ఆజ్ఞ ఇస్తే ఫాస్ట్ఏపీఐ ఈ మార్పు తనే చేసుకుంటుంది. మీరు ఫైల్ సేవ్ చేసినప్పుడల్లా మళ్లీ మొదలయ్యే అలవాటును కూడా ఆపేస్తుంది. మొదటి ఉద్యోగంలో మొదటి వారం ఎదురయ్యే చిక్కుల్లో సగం ఇక్కడే తీరతాయని నా అంచనా.

రెండోది డేటాబేస్ ఎక్కడుందన్నది. మీ దగ్గర అది మీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఆఫీసులో పరీక్షలకు ఒకటి, అసలు జనం వాడేది ఇంకొకటి ఉంటాయి. ఈ రెంటినీ పొరపాటున కలిపేశారంటే, మీరు పరీక్ష కోసం చెరిపిన వరుస నిజంగా ఎవరి టికెట్టో అయి కూర్చుంటుంది.

మూడోది గడియారం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. కాబట్టి మీ సర్వీసు నడిచే యంత్రం మన ఊళ్లోనే ఉండొచ్చు. కానీ ఆ యంత్రం గడియారం, మీరు మార్చకపోతే, యూటీసీ కాలం చూపిస్తుంది. మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు ఎవరో మొదటి రైలు ఎప్పుడని అడిగారనుకోండి. మీ సర్వీసు లెక్కలో అది ఇంకా శనివారం రాత్రి 11:30. అది శనివారం వేళలు చెబుతుంది. యంత్రం ఊరిదే, గడియారం పరాయిది. మీ లాప్‌టాప్‌లో ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. ఎందుకంటే దాని గడియారం మన గడియారమే.

నాలుగోది కొత్తవాళ్లను బాగా ఏడిపించేది. సర్వీసు నడుస్తోంది. పోస్ట్‌మన్ అనే పరీక్షా సాధనంతో అడిగితే జవాబు వస్తోంది. అదే మీ వెబ్ పేజీ నుంచి అడిగితే రావట్లేదు. బ్రౌజర్ ఎర్ర అక్షరాల్లో ఏదో గొణుగుతోంది. సీఓఆర్‌ఎస్ అని నాలుగక్షరాలు కనిపిస్తాయి. ఆఫీసుల్లో కోర్స్ అంటారు. సంగతేమిటంటే, ఒక చిరునామా నుంచి వచ్చిన పేజీ ఇంకో చిరునామాలోని సర్వీసు జవాబును చదవబోతే బ్రౌజర్ అడ్డుపడుతుంది. "ఈ పేజీకి ఇవ్వొచ్చు" అని ఆ సర్వీసే చెప్పాలి. అలా చెబితేనే వదులుతుంది. ఇది మన మంచికే. లేకపోతే ఏదో ఒక దొంగ పేజీ మీకు తెలియకుండా మీ బ్యాంకు జవాబులు చదువుతుంది. పోర్టు నంబరు వేరైనా వేరే చిరునామా కిందే లెక్క. మీ పేజీ 3000లో, మీ సర్వీసు 8000లో ఉంటే, రెండూ ఒకే లాప్‌టాప్‌లో ఉన్నా సరే, బ్రౌజర్ దృష్టిలో పరాయివే. పోస్ట్‌మన్ బ్రౌజర్ పేజీ కాదు కాబట్టి దానికి ఈ అడ్డు లేదు.

దీనికి ఫాస్ట్ఏపీఐలో ఒక ఏర్పాటు ఉంది. ఏ ఏ పేజీలకు అనుమతి ఇవ్వాలో జాబితా ఇవ్వొచ్చు. విసిగిపోయిన కుర్రాడు ఏం చేస్తాడు? నక్షత్రం గుర్తు పెడతాడు. అంటే ఎవరైనా రావచ్చని. ఎర్ర అక్షరాలు మాయమవుతాయి. హమ్మయ్య అనుకుంటాడు. ఆ నక్షత్రం అలాగే సర్వర్ దాకా వెళ్లిపోతుంది. అక్కడ లాగిన్ కుకీలు వచ్చాక అది పనిచేయదు కూడా. నక్షత్రం, కుకీ రెండూ కలిపి బ్రౌజర్లు ఒప్పుకోవు. కాబట్టి పేరు పెట్టి చెప్పండి. మీ దగ్గర ఒక పేరు, ఆఫీసులో ఇంకో పేరు. అంటే ఇది కూడా చోటు మారితే మారేదే. కోడ్‌లో ఉండకూడదు.

ఇక ఐదోది, అన్నిటికన్నా బరువైనది, రహస్యాలు. డేటాబేస్ పాస్‌వర్డు, ఎస్సెమ్మెస్ పంపే కంపెనీ ఇచ్చిన తాళంచెవి, డబ్బు వసూలు చేసే సంస్థ ఇచ్చిన తాళంచెవి. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడుకోవాలి.

టొయోటా కార్ల కంపెనీ 2022 అక్టోబరులో ఒక ప్రకటన చేసింది. వాళ్లకు జపాన్‌లో టీ-కనెక్ట్ అనే సేవ ఉంది. దాని కోడ్‌లో కొంత భాగాన్ని ఒక సబ్‌కాంట్రాక్టర్ కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పొరపాటున అందరికీ కనిపించేలా పెట్టాడు. ఆ కోడ్‌లో డేటా సర్వర్‌లోకి వెళ్లే తాళంచెవి రాసి ఉంది. 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా, దాదాపు ఐదేళ్లు, అది అక్కడే ఉంది. 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు బయటపడి ఉండొచ్చని కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. సబ్‌కాంట్రాక్టర్ చేసింది పొరపాటే. కానీ ఆ తాళంచెవి కోడ్‌లో లేకపోయి ఉంటే? కోడ్ బయటపడేది, తాళం పడే ఉండేది.

మరి రహస్యాలు ఎక్కడ ఉంచాలి? యంత్రంలోనే, ప్రోగ్రాంకు బయట. వీటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. భయపడకండి. ఒక పేరు, దాని పక్కన ఒక విలువ, అంతే. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు యంత్రం వీటిని దానికి అందిస్తుంది. మీ లాప్‌టాప్‌లో సౌకర్యం కోసం వీటిని ఒక చిన్న ఫైల్‌లో రాసుకోవచ్చు. దాని పేరు డాట్ ఈఎన్‌వీ. ఆ ఫైల్, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోకి వెళ్లకూడదు. అందుకని డాట్ గిట్‌ఇగ్నోర్ అనే ఫైల్‌లో దాని పేరు రాయాలి. ఎప్పుడు రాయాలి? మొదటి రోజే, మొదటి కమిట్ కన్నా, అంటే గిట్‌లో మొదటిసారి భద్రపరచడం కన్నా ముందే. ఎందుకంటే ఒకసారి లోపలికి వెళ్లిన ఫైల్‌ను తర్వాత తీసేసినా గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. అడిగినవాడికి పాతదంతా తీసి చూపిస్తుంది. గిట్‌కు మరుపు లేదు.

పొరపాటున వెళ్లిపోయిందనుకోండి. చాలామంది గాభరాపడి ఫైల్ చెరిపేసి, ఎవరూ చూడలేదులే అని ఊరుకుంటారు. వద్దు. ఆ తాళంచెవిని రద్దు చేయించి కొత్తది తీసుకోండి. ముందు అది. చరిత్ర శుభ్రం చేయడం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. జట్టు లీడ్‌తో చెప్పడానికి మొహమాటపడకండి. ఆ రోజే చెప్పినవాణ్ని మంచి లీడ్ ఎవరూ తిట్టరు. తిట్టేవాడైతే ఆ జట్టు గురించి మీరే ఇంకోసారి ఆలోచించుకోవాలి.

సరే, విలువలు బయట పెట్టాం. ఇప్పుడు వాటిని లోపలికి తెచ్చుకోవాలి. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. బయటినుంచి వచ్చే విలువలన్నీ అక్షరాలుగానే వస్తాయి. అంకెలైనా అక్షరాలే. అవునూ కాదూ అన్నా అక్షరాలే. తప్పులు వెతికేటప్పుడు లోపలి వివరాలు చూపించే డీబగ్ అనే పేరు పక్కన మీరు ఫాల్స్ అని రాశారు. వద్దు అని మీ ఉద్దేశం. పైథాన్ దాన్ని నేరుగా అవునా కాదా అని చూస్తే ఏమంటుంది? అవునంటుంది! ఎందుకంటే అది ఖాళీగా లేని అక్షరాల వరస. ఖాళీ కాని వరస ఏదైనా దానికి అవునే. మీరు ఆపేశాననుకుంటారు. అది నడుస్తూనే ఉంటుంది. తప్పు జరిగినప్పుడల్లా మీ సర్వీసు తన లోపలి గుట్టంతా ముక్కూమొహం తెలియనివాడికి విప్పి చెబుతుంది.

అందుకే ఆ విలువలను ఉత్తినే చదవకండి. పైడాంటిక్ సెట్టింగ్స్ అని ఒక లైబ్రరీ ఉంది. ఫాస్ట్ఏపీఐతో బాగా కలిసిపోతుంది. అందులో మీరు ఒక తరగతి రాస్తారు. ఆఫీసు భాషలో క్లాస్. పోర్టు అంకె కావాలి, డీబగ్ అవునో కాదో కావాలి, డేటాబేస్ చిరునామా తప్పనిసరిగా ఉండాలి. ఇలా ముందే చెప్పేస్తారు. అది ఫాల్స్ అనే అక్షరాలను నిజంగానే కాదు అని అర్థం చేసుకుంటుంది. పోర్టు దగ్గర ఎవరైనా "ఎనిమిది వేలు" అని రాస్తే ఒప్పుకోదు.

అన్నిటికన్నా నాకు నచ్చేది ఇంకోటి ఉంది. తప్పనిసరి అన్నది దొరక్కపోతే సర్వీసు అసలు మొదలే కాదు. ఏది లేదో పేరు చెప్పి ఆగిపోతుంది. మన మేస్త్రి కూడా అంతే. నీళ్లు లేవని పొయ్యి వెలిగించకముందే కేకేస్తాడు. అన్నం సగం ఉడికాక, పంక్తి కూర్చున్నాక చెప్పడు.

కొందరు జాగ్రత్తపరులు ఇక్కడే ఒక తెలివి చూపిస్తారు. "బయట విలువ దొరక్కపోతే, ఇదిగో ఇది వాడు" అని కోడ్‌లో ఒక అత్యవసర విలువ రాసి పెడతారు. పోర్టుకైతే ఫరవాలేదు. డేటాబేస్‌కు అలా రాస్తే కొంప మునుగుతుంది. సర్వర్ మీద పేరులో ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. సర్వీసు కిక్కురుమనకుండా ఆ రెండో విలువ అందుకుంటుంది. వేరే ఏదో డేటాబేస్‌తో కలుస్తుంది. ఏదో జవాబులిస్తుంది. అందరూ బాగుందనుకుంటారు. ఆగిపోయే సర్వీసును ఒక్క పూటలో బాగుచేయొచ్చు. తప్పు చోట హాయిగా నడిచే సర్వీసును పట్టుకోవడానికి వారాలు పడుతుంది.

ఇక సరుకుల సంగతి. మేస్త్రి చీటీలో బియ్యం అని మాత్రమే రాయడు. పాత బియ్యమో, కొత్త బియ్యమో రాస్తాడు. పాత బియ్యం ఎసరు ఎక్కువ తాగుతుంది. కొత్త బియ్యానికి అన్ని నీళ్లు పోస్తే ముద్దైపోతుంది. లైబ్రరీల్లో కూడా పాతా కొత్తా ఉంటాయి. పైడాంటిక్ అనే లైబ్రరీ రెండో పెద్ద వెర్షన్ 2023 జూన్ చివర్లో వచ్చింది. అందులో సెట్టింగులు చదివే భాగాన్ని తీసి విడి లైబ్రరీగా పెట్టారు. నేను ఇందాక చెప్పిన పైడాంటిక్ సెట్టింగ్స్ అదే. సరుకుల చీటీలో పైడాంటిక్ అని ఊరికే రాసుకున్నవాళ్లకు ఓ పొద్దున సర్వర్ మీద కొత్తది దిగింది. నిన్నటిదాకా నడిచిన కోడ్ మొదటి వరుసలోనే ఆగిపోయింది. వాళ్ల లాప్‌టాప్‌లో పాతదే ఉంది కాబట్టి అక్కడ నడుస్తూనే ఉంది. కాబట్టి లైబ్రరీల చీటీ అయిన రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో పేరు పక్కన వెర్షన్ నంబరు కూడా రాయండి. ఈ ఫైల్ మాత్రం గిట్‌లో ఉండాల్సిందే. ఇది రహస్యం కాదు.

ఇంతవరకూ విన్నవాళ్లలో కొందరికి ఒక ఉత్సాహం పుట్టి ఉంటుంది. అయితే అన్నీ బయట పెట్టేద్దాం అని. కంగారుపడకండి. అది ఇంకో జబ్బు. కొన్ని జట్లలో సెట్టింగులే వందలు దాటి ఉంటాయి. ఏది ఎందుకుందో రాసినవాడు కంపెనీ మారిపోయాడు. మిగిలినవాళ్లకు ముట్టుకోవడానికి భయం. దుర్గంచెరువు తర్వాత హైటెక్ సిటీ వస్తుంది. అది మీ లాప్‌టాప్‌లో నిజం, సర్వర్‌లో నిజం, అమెరికాలో ఉన్న మీ బావగారి యంత్రంలో కూడా నిజం. దాన్ని సెట్టింగ్ చేయడం దేనికి? ఉప్పెంత వేయాలో మేస్త్రి హాలు మేనేజర్‌ను అడగడు. చోటు మారినా మారనిది కోడ్‌లోనే ఉండనివ్వండి. చోటు మారితే మారేదే బయట ఉంచండి. అనుమానం వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇదే కోడ్‌ను రేపు వేరే యంత్రం మీద పెడితే ఈ విలువ మారుతుందా? మారుతుందంటే బయటికి. మారదంటే లోపలే.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. డాట్ ఈఎన్‌వీ గిట్‌లోకి వెళ్లదు కదా. మరి జట్టులోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఏమేం కావాలో ఎలా తెలుస్తుంది? దానికి ఇంకో ఫైల్ పెట్టండి. డాట్ ఈఎన్‌వీ డాట్ ఎగ్జాంపుల్ అంటారు. అందులో పేర్లన్నీ ఉంటాయి. విలువల దగ్గర నిజమైనవి ఉండవు. ప్రతి పేరు పక్కన ఒక్క వాక్యం, ఇది దేనికి, ఎవరిని అడగాలి. ఈ ఫైల్ గిట్‌లోకి వెళ్తుంది. తర్వాత పరీక్ష పెట్టండి. సోమవారం కొత్తగా చేరిన ఫ్రెషర్‌ను పిలవండి. కోడ్ తీసుకొమ్మనండి. ఆ ఫైల్‌ను కాపీ చేసి విలువలు నింపమనండి. సర్వీసు మొదలుపెట్టమనండి. మీరు పక్కన కూర్చోకండి. కిందికెళ్లి టీ తాగి రండి. మీరు తిరిగి వచ్చేసరికి దుర్గంచెరువు అని అడిగితే హైటెక్ సిటీ అనే జవాబు ఆ ఫ్రెషర్ తెర మీద ఉండాలి. లేకపోతే ఎక్కడ ఆగిందో అడగండి. ఆగిన చోట ఆ ఫైల్‌లో ఏ పేరు లేదో చూసి, అప్పటికప్పుడే రాసేయండి.